ఎల్బర్ట్ తరఫు వాదన

జాలిపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. అందులోనూ ఫుట్‌బాల్ సీజన్ మొదటి ఆట రోజు పొద్దున్నే జాలిపడేవాళ్ళను అసలు భరించలేను.

స్టేడియం వెనక పచ్చికలో మా ట్రక్కులు ఏటా ఒకే చోట ఆగుతాయి. ఆట మొదలయ్యేదాకా అక్కడే తిండి, అక్కడే కబుర్లు. పొగ మీద పంది పక్కటెముకలు కాల్చేది నేను. కుర్చీలు వేసేది రేఫోర్డ్. వాళ్ళావిడ నెల్డా అందరికీ పళ్ళాలు అందిస్తుంది. ఎల్బర్ట్, మిస్ వర్లీన్ మాత్రం ఏ పనీ ముట్టుకోకుండా ఐసుపెట్టెకు అటొకరు ఇటొకరు కూర్చుని తగువు మొదలుపెట్టేవారు.

ఎల్బర్ట్ మా కాలేజీ జట్టు కోడెల పక్షం. ఆయన భార్య మిస్ వర్లీన్ నది అవతలి కాలేజీలో చదివింది కాబట్టి కొంగల పక్షం. ఏటా మొదటి ఆట ఈ రెండు జట్ల మధ్యే. ఐసుపెట్టె మూత మైదానం, సీసా మూతలు ఆటగాళ్ళు. ఎవరి క్వార్టర్‌బ్యాక్, అదే బంతి విసిరే కుర్రాడు, ఎక్కువ దూరం విసురుతాడు, వాడికి కాపుగా నిలబడే లైనులో ఎవరికి దమ్ముంది అని ఒక్కొక్క మూతనీ జరుపుతూ వాదించుకునేవారు. తీర్పు నాది. ఓడినవాళ్ళు ఆటలో మొదటి క్వార్టర్, అంటే మొదటి పావు ఆట, అయ్యేదాకా అవతలి జట్టు టోపీ పెట్టుకోవాలి. మా ఎర్రచొక్కాల మధ్య నారింజ టోపీ పెట్టుకుని ఎల్బర్ట్ తిన్న తిట్లకు లెక్కలేదు. ఆవిడ నెత్తికి ఎర్ర టోపీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆవిడ నోటి ముందు ఎవడాగుతాడు?

మార్చిలో ఎల్బర్ట్ గుండె ఆగి పోయాడు.

ఈసారి ఆవిడ రాదనుకున్నాం. నారింజ చొక్కా వేసుకుని, చేతిలో సంచీతో వచ్చేసింది. రేఫోర్డ్ అలవాటుకొద్దీ రెండు కుర్చీలూ వేసేశాడు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూడకుండా సీసా మూతలు పేర్చింది.

“ఏరా రేఫోర్డ్, మీ కోడెలు ఈసారి ఏం పొడుస్తాయి?”

“అబ్బే, ఏముందండీ మిస్ వర్లీన్. ఈసారి మీ కొంగలే బాగున్నాయి.”

“మా క్వార్టర్‌బ్యాక్ పోయినేడంతా బంతి తీసుకెళ్ళి అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. అయినా బాగున్నాయా?”

“కుర్రాడు కదండీ, నేర్చుకుంటాడు లెండి.”

“ముందు కాస్త తినండి,” అని నెల్డా పళ్ళెం జరిపింది.

మిస్ వర్లీన్ చేతిలో మూత కింద పెట్టేసింది.

“ఆయన పోయిన దగ్గర్నుంచీ ఊరంతా నాకు తిండి మోసుకొస్తున్నారు. చర్చిలో పాట తప్పు పాడినా తలలూపుతున్నారు. నేనేమన్నా సరేనంటున్నారు. కాదనే మనిషి ఒక్కడూ లేడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటోందో తెలుసా మీకు? ఇక్కడికొస్తేనన్నా ఎవడో ఒకడు నోరు మూసుకోమంటాడనుకున్నాను.”

సంచీ తీసుకుని లేచింది. నాకు కోపం వచ్చింది. పట్టకారు పక్కన పడేసి వచ్చి ఎల్బర్ట్ కుర్చీలో కూర్చున్నాను.

“కూర్చోండి మిస్ వర్లీన్. ఓడిపోతారని భయమేస్తే చెప్పండి, వెళ్ళిపోదురుగాని. మీ డిఫెన్స్ ఒంటికాలి మీద నించుని చేపకోసం చూస్తుంటే మావాళ్ళు గీత దాటేస్తారు. మీ క్వార్టర్‌బ్యాక్ కన్నా మా అమ్మమ్మ దూరం విసురుతుంది.”

నెల్డా గుండెలమీద చెయ్యి వేసుకుంది. మిస్ వర్లీన్ కూర్చుంది. ఆ ముఖంలో ప్రాణం లేచొచ్చింది.

“అయితే మీ అమ్మమ్మనే దింపరా హోయట్! మీ లైనులో ఎడమపక్కవాడు పాలుగారే పసివాడు. మొన్నటిదాకా స్కూల్లో ఉన్నాడు. మావాడు వాణ్ణి దాటొచ్చి మీ క్వార్టర్‌బ్యాక్ నెత్తిన కూర్చుంటాడు.”

“వాడు... వాడు బాగా బరువుంటాడండీ.”

“బరువా? గాదె కూడా బరువే ఉంటుంది. అదా జవాబు? ఎల్బర్ట్ అయితే అలా అనడు.”

“మరేమంటాడు?”

ఆవిడ ముందుకు వంగి ఎర్ర మూత మీద వేలు పెట్టింది. మాట కూడా ఆయనలాగే సాగింది.

“‘పిచ్చిదానా, ఈ అలబామా ఎండ చూడు. మొదటి ఆట గెలిచేది చేతులతో కాదు, కాళ్ళతో. మా పిల్లలు వేసవంతా గుట్ట ఎక్కి దిగారు. మీవాడు మూడో క్వార్టర్ దాకా ఎగురుతాడు, కాదనను. నాలుగో దాంట్లో నాలుక బయటపెడతాడు. అప్పటికి నిలబడి ఉండేది మా పసివాడే’ అంటాడు.”

“దానికి మీరేమంటారు?” ఈసారి జాలి మర్చిపోయి అడిగింది రేఫోర్డే.

“అలిసిపోతే దింపడానికి ఇంకోడున్నాడంటాను.”

“దానికాయన?”

“‘వాడేగా పోయినేడు మోకాలు విరగ్గొట్టుకుంది? నువ్వేగా ఏడ్చావు?’ అంటాడు.”

“దానికి మీరు?”

ఆవిడ నోరు తెరిచింది. మూతలన్నీ ఒకసారి వెతికింది. మిస్ వర్లీన్‌కి జవాబు దొరకకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

“తీర్పు చెప్పు హోయట్,” అంది నెమ్మదిగా.

అయ్యో పాపం అని ఆవిణ్ణే గెలిపించడం ఎంతసేపు? అలా చేస్తే ఆవిడ మళ్ళీ ఆ నిశ్శబ్దపు ఇంట్లోనే కూర్చున్నట్టు.

“ఎల్బర్ట్ గెలిచాడండీ.”

“దొంగ వెధవ,” అంది. నన్ను కాదు. కళ్ళనిండా నీళ్ళు, పెదాలమీద నవ్వు. సంచీలోంచి ఆయన ఎర్ర టోపీ తీసింది. అంచంతా చెమటకి వెలిసిపోయి ఉంది. ఎందుకు తెచ్చిందో నేనడగలేదు. నెత్తిన పెట్టుకుంటే చెవులదాకా దిగింది.

“దీన్ని నా నెత్తిన చూడాలని ఎంత తాపత్రయపడ్డాడో,” అంది.

స్టేడియంలో మొదటి క్వార్టర్ అయిపోయింది. గడువు తీరిందని గుర్తుచేయబోయాడు రేఫోర్డ్. వాడి కాలు గట్టిగా తొక్కాను. పక్కన మిస్ వర్లీన్ లేచి నిలబడి కొంగల కోసం గొంతు చించుకుంటోంది. ఆట ముగిసేదాకా ఆ అరుపు ఆగలేదు, ఎర్ర టోపీ తియ్యనూ లేదు.