ఉల్టా రెక్కలు

మా సార్ సముద్రంలో డాల్ఫిన్లను పెంచేశారు. అయిదేళ్ల కింద మేం చూసే కొంకణ్ తీరంలో నలభై ఉంటే, ఇప్పుడు అరవై రెండట. కాబట్టి అక్కడ కొత్త జెట్టీ కట్టినా వాటికి ఢోకా లేదట. సార్ రాసిన ఆ రిపోర్టు మీద నేనూ సంతకం పెడితే వచ్చే నెల నుంచి పర్మనెంటు ఉద్యోగం. పదకొండేళ్లు పడవల్లో వాంతులు చేసుకుంటూ తిరిగినదాన్ని, ఆశ ఉండదా?

సంతకానికి ముందు రెండు రోజులు సోలాపూర్‌లో మా ఇంటికి వచ్చాను. మా నేతగాళ్ల పేట నీలం నగర్‌లో నన్ను మచ్చీవాలీ డాక్టర్ అంటారు. డాల్ఫిన్ చేప కాదు, పిల్లకు పాలిస్తుందని చెబితే మా మేనత్త యమునాబాయి బీడీ చుట్టడం ఆపకుండానే, "అయితే లీటరు ఎంతకు అమ్ముతరే?" అంది.

ఆదివారం పొద్దున ఫొటోలు నేల మీద పరిచాను. వీపు రెక్క అంచున ఉండే గాట్లను బట్టి ఏ డాల్ఫిన్ ఏదో గుర్తుపడతాం. నలభై ఏళ్లుగా చాదర్లు నేస్తున్న మా నాన్న పెంటప్ప సాంచా, అదే మరమగ్గం, ఆపి వచ్చాడు. చాయ్ తాగుతూ రెండు ఫొటోలు పక్కపక్కకు జరిపాడు.

"ఇవి రెండూ ఒక్కటే గద బిడ్డా. ఇది సుల్టా, ఇది ఉల్టా."

నవ్వాను. ముగ్గురు పీహెచ్‌డీలం, ఒక కంప్యూటరూ చూశాక ఈయన చెప్పొచ్చాడు!

"అది చాదర్ గాదు నాయినా."

"చాదర్ తిరగేసి చూడు. కుడిదిక్కున్న పువ్వు ఎడమదిక్కు వస్తది. అట్లని రెండు పువ్వులైతయా?"

ఒక ఫొటోను ఫోన్లో తిరగేశాను. గాట్లు అచ్చు గుద్దినట్టు కలిశాయి. ఒకే డాల్ఫిన్‌ను ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి లెక్కపెట్టాం. అన్నాల వేళకు నాన్న ఇరవై ఎనిమిది జతలు కలిపాడు. మిగిలినవి ముప్పై నాలుగు. పెరగడం మాట దేవుడెరుగు, ఆరు తగ్గాయి. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది. ఆ సంఖ్య పెరగాలని నాకూ ఉంది కాబట్టే ఇన్నాళ్లూ నాకు కనబడలేదు.

సార్‌కు ఫోన్ చేశాను.

"ఎవరు కనిపెట్టారు?"

"మా నాన్న సార్. చాదర్లు నేస్తారు."

ఆయన పడీపడీ నవ్వారు. ఆ తర్వాత తీరుబడిగా, "నాకు తెలియదనుకున్నావా? ఈసారి కుడి ఎడమలు కలపొద్దని కంప్యూటరుకు చెప్పింది నేనే. సంతకం పెట్టు, ఉద్యోగం తీసుకో" అన్నారు. సముద్రాన్ని కాపాడమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మహానుభావుడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఫోన్ స్పీకరులో ఉంది. నాన్న అంతా విన్నాడు.

"దస్కత్ పెట్టకుంటే నౌకరి పోతదా?"

"పోతది."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. ఫొటోల ముందు కూర్చుని, తను కలిపిన జతలను ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టాడు.

"నా కండ్లకు పొర వచ్చింది బిడ్డా. సరిగ్గ కానొస్తలేదు. ఇవి వేరేవేరేనే. నా మాట పట్టుకోకు."

సాంచా మీద పోగు తెగితే గది ఆ చివర నుంచే కనిపెట్టే కళ్లవి. వాటిని ఎవరేమన్నా కొట్లాటకు పోయే మనిషి, నా కోసం తనే వాటిని గుడ్డివి చేసుకున్నాడు. సార్ మాటకు కోపమే వచ్చింది గానీ, ఈ మాటకు ఏడుపొచ్చింది.

"నీ చూపు మంచిగనే ఉన్నది. ముట్టకు నాయినా" అని ఫొటోలు లాక్కున్నాను. జెట్టీకి అనుమతిచ్చే కమిటీకి నేరుగా, ముప్పై నాలుగు అని రాసి, కింద నా పేరు పెట్టి పంపాను.