చదవని పంతొమ్మిది పేజీలు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా అక్క అందరికీ చెబుతుంది. కొత్తగా ఇంటికొచ్చిన వాళ్ళకైతే మంచినీళ్ళతో పాటే చెప్పేస్తుంది. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు చెప్పబోయేది కోపంలో చేసిన పని కాదు. కోపంలో చేసి ఉంటే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు. తీరిగ్గా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని చేశాను.

మా బావ పుస్తకాలు వేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. అచ్చులో లేని పాత పుస్తకాలు ఎక్కడెక్కడివో వెతికి పట్టుకొచ్చి మళ్ళీ వేస్తాడు. కొత్తగా రాసేవాళ్ళవీ వేస్తాడు. "చదివే వాళ్ళు తగ్గిపోయారురా, వినేవాళ్ళు మాత్రం పెరుగుతున్నారు" అని, నాలుగేళ్ళ కిందట వాటిని పైకి చదివించి ఫోన్లలో వినేలా పెట్టడం మొదలుపెట్టాడు. గొంతు కోసం దూరం వెళ్ళలేదు. మా అక్కని పిలిచి, "మీ తమ్ముడు ఎటూ అరుస్తూనే ఉంటాడు కదా, ఆ అరుపేదో వచ్చి మైకు ముందు అరవమను" అన్నాడట.

ఆఫీసు వెనక కాగితం కట్టలు పెట్టుకునే గది ఖాళీ చేసి, గోడలకి పాత పరుపులు కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, అందులో నన్ను కూర్చోబెట్టారు. ఫ్యాను వేస్తే ఆ చప్పుడు కూడా రికార్డవుతుందని ఫ్యాను లేదు. పక్క మేడవాళ్ళు నీళ్ళ మోటారు వేస్తే ఆపాలి, దగ్గొస్తే ఆపాలి, కడుపులో గుర్రుమన్నా ఆపాలి. చొక్కా విప్పేసి, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని చదివేవాణ్ణి. విన్నవాళ్ళు మాత్రం "ఎంత హాయిగా ఉందండీ మీ గొంతు" అనేవారు. నాకు ఒళ్ళు పొంగిపోయేది. కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు కూడా ఆ గొంతే వాడటం మొదలుపెట్టాను.

పోయినేడు బావ ఒక పాత నవల తెచ్చాడు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ. తన ఉంగరం చెల్లెలు దొంగిలించిందని అక్క ఆమెని ముప్పై ఏళ్ళు ఇంటి గుమ్మం తొక్కనివ్వదు. నెలాఖరుకి రికార్డింగు అయిపోవాలన్నాడు బావ. నాకు చూస్తే జలుబు. ముక్కు చీదుకుంటూ, తిట్టుకుంటూ ఇరవై ఏడో అధ్యాయం దాకా లాక్కొచ్చాను. ఆ అధ్యాయం నిండా ఇంటికి రంగులు వేయించడమే. ఏ గదికి ఏ రంగు, ఏ బీరువా ఎవరు మోశారు, నిచ్చెనకి ఏ కాలు పొట్టి. రెండు పేజీలు తిప్పాను, రంగులే. చివరి పేజీ చూశాను, అక్కడా రంగులే. మొత్తం పంతొమ్మిది పేజీలు.

"పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు మాత్రం ఇవన్నీ చదువుతారా ఏంటి? గబగబా తిప్పేస్తారు. వాళ్ళ బదులు నేను తిప్పేస్తున్నా, అంతేగా" అనుకుని ఇరవై ఎనిమిదికి వెళ్ళిపోయాను.

అదే మొదటిసారి అయితే ఏదోలే అనుకోవచ్చు. కాదు. నోరు తిరగని పేర్ల జాబితానో, ఒక పాటో, పేజీడు వర్ణనో దాటేయడం నాకు అప్పటికే అలవాటైపోయింది. బావకి తెలియదు. ఆయన వినడు. కాగితం వాసన తగలకపోతే ఆయనకి అది పుస్తకమే కాదు.

ఏడాదికోసారి బావ వినేవాళ్ళందరినీ ఆఫీసుకి పిలుస్తాడు. ఈసారి ఓ ముప్పై మంది వచ్చారు. వాళ్ళలో ఒకావిడ పెద్దాసుపత్రిలో టెలిఫోన్ దగ్గర పనిచేస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆసుపత్రిలో ఉన్న నాలుగొందల నంబర్లూ ఆవిడకి నోటికొచ్చు, అందుకని అందరూ డైరెక్టరీ గారు అంటారు. నా మాట వినపడగానే చెయ్యి చాచి తడుముకుంటూ నా దగ్గరికొచ్చింది.

"మీరు చదివిన నలభై మూడు పుస్తకాలూ విన్నానండీ. ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఆ ఉంగరం కథలో అక్క ముప్పై ఏళ్ళు అంత పంతం పట్టింది కదా, మరి చివర్లో ఉన్నట్టుండి తనే వెళ్ళి చెల్లెలి కాళ్ళు పట్టుకుంటుంది. మధ్యలో ఏమైందండీ?"

ఏమైందో నాకేం తెలుసు! చదివినవాణ్ణి నేనే, నాకు ఆ సందేహమే రాలేదు. నేను నీళ్ళు నములుతుంటే బావ పకపకా నవ్వాడు.

"అదేంటమ్మా! రంగులు వేయించేటప్పుడు బీరువా జరిపితే, దాని వెనక గోడ పగుల్లో ఉంగరం దొరకదూ? నవలకి ప్రాణమే అది కదా!"

ఆ పంతొమ్మిది పేజీలు!

"అది రికార్డులో ఉందా?" అంది ఆవిడ, మొహం నావైపు తిప్పి. అందరూ నావైపే చూస్తున్నారు. బావ కూడా.

"ఎందుకుండదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "మధ్యాహ్నం పూట వింటూ ఓ కునుకు తీసుంటారు" అని కూడా అన్నాను, నా ఆ హాయైన గొంతుతోనే.

గదంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. "అంతే అయ్యుంటుంది లెండి" అని, తడుముకుంటూ తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. పొద్దున్నే లేచి పుస్తకం తీసి సరిచేయొచ్చుగా? చేయలేదు. నాలుగు రోజులకి మర్చిపోయాను కూడా.

మూడు వారాల తర్వాత ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"పదకొండుసార్లు విన్నానండీ. నిద్ర రాకుండా నిలబడి కూడా విన్నాను. ఉంగరం దొరకలేదు. చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అంటే తేడా ఇంకా లోపల ఉందన్నమాట" అంది. "నా పనంతా జ్ఞాపకం మీదేనండీ. ప్రాణం మీదికొచ్చిన వాళ్ళకి ఏ డాక్టరు నంబరో తప్పు చెప్పానంటే ఇంకేమైనా ఉందా? సోమవారం సీటు వేరేవాళ్ళకి అప్పజెప్పేస్తానని మా సూపరింటెండెంటుతో చెప్పేశాను. చివరిసారి అడుగుతున్నా, విసుక్కోకండి. ఎన్నో గంట దగ్గరుందో చెబుతారా?"

"చూసి చెబుతానమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

బావకి చెప్పక తప్పలేదు. "నువ్వసలు మనిషివేనా?" అన్నాడు. ఆ మాట నాలుగుసార్లు అన్నాడు. తర్వాత గదిలో అటూ ఇటూ తిరిగి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఏమైందో అయింది. ఆ పేజీలు ఇప్పుడే చదివెయ్. సందులో పెట్టేద్దాం. ఇంకోసారి వినమని చెప్పు. దొరికింది కదా అని సంతోషిస్తుంది. నీ పరువూ దక్కుతుంది, నా పరువూ దక్కుతుంది."

తలూపాను. ఎందుకూపావని అడగకండి. ఆ మధ్యాహ్నమే పరుపుల గదిలో కూర్చుని ఆ పంతొమ్మిది పేజీలూ మొదటిసారి చదివాను. అక్క ఉంగరాన్ని కొంగుతో తుడిచి, దుమ్ములోనే కూలబడుతుంది. ఏడవదు. "కానివ్వండి, ఆ మూల మిగిలిపోయింది" అని రంగులు వేసేవాళ్ళకి పని చెబుతూనే ఉంటుంది. అది చదువుతుంటే నా గొంతు జీరపోయింది. ఆ జీర బాగుందిరా అని బావ అలాగే ఉంచేశాడు. శనివారం ఆవిడకి ఫోన్ చేసి, "తొమ్మిదో గంట దాటాక జాగ్రత్తగా వినండి" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఆవిడ నుంచి ఫోన్.

"ఉందండీ! మీరు చెప్పింది నిజమే. అబ్బ, ఎంత స్పష్టంగా చదివారు! ఇంత స్పష్టంగా ఉన్నది పదకొండుసార్లు నా చెవిన పడలేదంటే ఇంకేం చెప్పమంటారు. పుస్తకం మొత్తం నిడివి కూడా నలభై నిమిషాలు తక్కువని గుర్తు నాకు. చూడండి, అదీ తప్పే. పోనీలెండి, ఇక సందేహం లేదు. రేపు సీటు అప్పజెప్పేస్తాను. మిమ్మల్ని అనవసరంగా విసిగించాను, ఏమీ అనుకోకండి."

నన్ను! ఏమీ అనుకోవద్దంది నన్ను! తల కొట్టేసినట్టయింది. అబద్ధం చెప్పి ఆవిణ్ణి నవ్వులపాలు చేసింది నేను. అది చాలదన్నట్టు, తన మతి మీద తనకే నమ్మకం లేకుండా సాక్ష్యం రికార్డు చేసి మరీ ఇచ్చాను. చెప్పులేసుకుంటుంటే బావ అడ్డొచ్చాడు. "ఒరేయ్, బయటపడితే ఇంకెవడైనా వింటాడా మన పుస్తకాలు?" అన్నాడు. వంటింట్లోంచి అక్క వచ్చింది. నిన్నటి నుంచీ ఆమెకీ తెలుసు. "వెళ్ళనివ్వండి" అంది బావతో. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల్లో. తలుపు తీసి, నా దగ్గు విని గుర్తుపట్టింది. "మీరా! రండి, రండి" అని కుర్చీ సరిగ్గా నా మోకాలికి తగిలేలా జరిపింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాను. పేజీలు దాటేశానని, అందరి ముందూ బుకాయించానని, నిన్న గాక మొన్న చదివి మధ్యలో అతికించానని. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యమేసింది.

ఆవిడ తిన్నగా ఫోన్ దగ్గరికెళ్ళి నంబరు నొక్కింది. "సార్, రేపు నేనే వస్తున్నాను. ఆ సీటు నాదే" అంది. ఫోన్ పెట్టేశాక ఆ చెయ్యి అక్కడే ఉంచి నిలబడింది.

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

"ఇంకా ఏయే పుస్తకాల్లో?" అంది.

తిట్లకి సిద్ధపడి వెళ్ళాను గానీ, ఈ ప్రశ్నకి కాదు. గుర్తున్న నాలుగు పుస్తకాలు చెప్పాను.

"ఇంకా?"

"గుర్తులేదమ్మా."

"గుర్తులేదా?" ఆవిడ గొంతు మొదటిసారి పైకి లేచింది. "నలభై మూడు పుస్తకాలండీ! వాటిల్లో నేను నవ్వినవి ఉన్నాయి, ఏడ్చినవి ఉన్నాయి. అందులో రాసినవాళ్ళదేది, మీరు మిగిల్చిందేది? నాకెలా తెలుస్తుంది?"

నేల చీలితే బాగుండనిపించింది. కాసేపటికి ఆవిడే కుర్చీలో కూర్చుని, "పుస్తకాలు పట్టుకురండి. సగానికి సగం నాకు నోటికొచ్చు. నేను చెబుతాను, మీరు అచ్చులో చూస్తూ వినండి" అంది.

మరుసటి ఆదివారం మొట్టమొదట రికార్డు చేసిన పుస్తకం తీసుకెళ్ళాను. కావాలనే తీసుకెళ్ళాను. దాన్ని నేను భక్తిగా చదివాను, అందులో ఒక్క అక్షరం కూడా పోలేదని నా గట్టి నమ్మకం. ఒక్క పుస్తకమైనా ఆవిడకి పూర్తిగా ఉంది అనిపించుకోవాలని నా ఆశ.

ఆవిడ మొదలుపెట్టింది. నేను ఆగిన చోట ఆగుతోంది, నేను సాగదీసిన చోట సాగదీస్తోంది. అచ్చు మీద వేలు పెట్టుకుని వెంట వెళుతున్నాను. పది పేజీలు, ఇరవై పేజీలు, ఒక్క మాట తప్పిపోలేదు. ముప్పై ఎనిమిదో పేజీలో నా వేలు ఆగిపోయింది. ఒక తల్లి కొడుక్కి చెప్పే మాటలు, ఆరు వరుసలు. ఎందుకు వదిలేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పక్క మేడ మోటారు వేశారో, ఆకలేసిందో. ఆవిడ గొంతులో తడబాటే లేదు. ఆ ఆరు వరుసలూ లేనే లేనట్టు తర్వాతి మాట మీదికి వెళ్ళిపోయింది, హాయిగా, అచ్చం నాలాగే.

"ఆగండమ్మా" అన్నాను.

ఆవిడ ఆగింది. మొహం నావైపు తిప్పింది.

"ఇందులో కూడానా?" అంది.