పడవెక్కిన పాదుపురుగు

బేబీరాణికి కడుపు మండిపోయింది. మండదా మరి! దీవి ఒడ్డునున్న బాంబూఫ్లాట్‌లో ఇంటి వెనక జానెడు నేలలో బూడిద గుమ్మడి పాదు వేస్తే, కాసింది ఒక్కటే కాయ. మొగుడు అప్పలరాముడి కొత్త పడవ ఈ రోజే నీళ్ళలోకి దిగాలి. గుమ్మడికాయ కొట్టి దిష్టి తీయందే పడవను కదిలించనని అతని పట్టు. తీరా పొద్దున్నే చూస్తే పాదు నిండా గోధుమరంగు పురుగులు!

ఫోటో తీసి అడిగితే, ఫోన్ దాన్ని మధ్యధరా సముద్ర తీరాల పురుగని చెప్పింది. పక్కింటి లోకనాథం ఊరుకుంటాడా?

"బాప్‌రే! ఫారిన్ పురుగు. ఓడలోంచి దిగిపోనాది. పాదూ కాయా అన్నీ కాల్సేయాల, పక్కా!" అన్నాడు.

"నీ నోట్లో మన్నుపడ!" అంటూ బేబీరాణి కాయకు అడ్డంగా నిలబడి, ఆడపడుచు పద్మినికి ఫోన్ చేసింది. పద్మిని సముద్రపు పాయకు అవతలున్న డెలానీపూర్‌లో ఉంటుంది, కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెబుతుంది. దొరికిన ఫెర్రీ ఎక్కి వచ్చేసింది.

వచ్చీ రాగానే ఒక పురుగును వేలితో కదిపింది. గుప్పున కంపు కొట్టింది. లోకనాథం ముక్కు మూసుకుని గోడ దాకా పరిగెత్తాడు.

"దీని ఎనక్కాళ్ళు సూడొదినా, సిన్న ఆకులు కట్టినట్టు లేవూ? మెడ మీద పసుపు గీతొకటి. ఫోన్‌ని అడిగినప్పుడు మన ఊరు పేరు రాసినావా?"

"లేదే. పురుక్కి ఊరెందుకనుకున్నాను."

"అదే గడ్‌బడ్! ఎక్కడ బతుకుతాదో సెప్తేనే కదా అదేటో తెలిసేది. ఆ సముద్రం పురుగు ఎండు కొండల మీద పొదల్లో ఉంటాది. ఇది మన కాకర, గుమ్మడి పాదుల మీద పుట్టి పెరిగిందే. తీగ రసం తాగుద్ది, ఏరి సబ్బునీళ్ళలో ఎయ్యి. కాయ ముదిరిపోనాది, దానికేటీ కాదు."

"అయితే కోసేదా?"

"కోసీ!"

బేబీరాణికి ఏనుగెక్కినంత సంబరమైంది. కాయను తనే చంకనెత్తుకుని ఒడ్డుకు పరిగెత్తింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

అప్పలరాముడు కాయ కొట్టాడు. అందరూ కేకలు పెడుతుంటే పడవ నీళ్ళలోకి జారింది. అప్పుడు చూసింది బేబీరాణి. కొత్త పసుపు రంగు వేసిన పడవ ముక్కు మీద, ఆకుకాళ్ళు చాపుకుని, దర్జాగా ఒక పురుగు కూర్చుని ఉంది. కాయతోపాటే వచ్చేసినట్టుంది.

"వొదినా, ఇప్పుడు నిజంగానే సముద్రమెక్కేసినాది!" అంది పద్మిని.

నవ్వీ నవ్వీ బేబీరాణికి కళ్ళ నీళ్ళొచ్చాయి. మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పురుగుకేసి అరిచింది.

"ఒసే, ఎవులైనా అడిగితే మాది బాంబూఫ్లాటని సెప్పు!"