కాఫీకి ముందు చావు

లోవెల్‌కు ఒకప్పుడు ముక్కు మీదే కోపం. అమెరికాలో, డులూత్ ఊళ్లో, వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ అతను తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినిపించేవి. రిటైరయ్యాక, పాతకాలపు గ్రీకుల స్టోయిక్ తత్వం సాధన చేసే బృందంలో చేరాడు. గురువారాలు లైబ్రరీలో కలుసుకునేవారు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో వేరు చేసుకోవడం, లేనిదాని కోసం ఏడవకపోవడం వాళ్ల సాధన. ఏడాది తిరిగేసరికి మనిషి మారిపోయాడు. భార్య వెర్నా మొదట్లో సంతోషించింది, పాపం.

పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆ రోజు రాగల కీడులన్నీ ముందే తలచుకోవడం అతని నియమం. అలా తలచుకుంటే దెబ్బ తగిలినా నొప్పి తెలియదట.

"కారు చెడిపోవచ్చు. ఇంటికప్పు కారొచ్చు. వెర్నా చనిపోవచ్చు," అనేవాడు కళ్లు మూసుకుని.

"కాఫీ అయినా తాగనివ్వకుండా రోజూ చంపుతావేం?" అనేది వెర్నా. "ఒక్కరోజు నువ్వే చావకూడదూ!"

నవ్వుతూనే అనేది. ఈమధ్య ఆ నవ్వు రావడం లేదు. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి మొదట్లో అతని గొంతు వణికేది. ఇప్పుడు కారు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పేస్తున్నాడు. ఆమెకు భయంగా ఉంది.

ఆ ఉదయం ఓట్స్ తింటుండగా ఆమె చేతిలోంచి స్పూను జారింది.

"లోవెల్, చెయ్యి మొద్దుబారిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

"స్పూను జారింది, అంతే. తక్కినదంతా నీ భయం," అన్నాడతను మెల్లగా. "నిదానంగా ఊపిరి పీల్చుకో."

"నీ పాఠాలు తగలెయ్యా! ముందు ఫోన్..."

మాట ముద్దయిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. కుర్చీతో సహా నేలమీద పడింది.

లోవెల్ వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని జుట్టు నిమిరాడు. చేతులు వణకలేదు. అతని కళ్లలో ప్రేమ ఉంది, అబద్ధమెందుకు, నిజంగానే ఉంది. కంగారే లేదు. వెర్నాకు అప్పుడు అర్థమైంది. తన కోసం ఏడవాల్సిందంతా ఇతను ఎప్పుడో ఏడ్చేశాడు, రోజుకు కాస్త చొప్పున, ఈ బల్ల దగ్గరే.

"ఇది మన చేతిలో లేదు, వెర్నా," అన్నాడు.

ఫోన్ అతని చొక్కా జేబులోనే ఉంది. ఆమె దానికేసి చూసింది, అతనికేసి చూసింది, మళ్లీ దానికేసి చూసింది. నోరు పెగల్లేదు.

ఆమె మౌనం చూసి లోవెల్ కళ్లు మెరిశాయి.

"చూశావా," అన్నాడు మురిసిపోతూ, "నీకూ సాధన పట్టుబడింది."