ఎవరికీ అక్కర్లేని ఉత్తరపు మూల

మా చెరువు ఆఫీసులోకి ఆ ఏడాది విలువలు వచ్చాయి. అదివరకు నీళ్లు, చేపలు, తూములు ఉండేవి. ఇకమీదట మనుషుల మనసులు కూడా లెక్కలోకి తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు. ఒడ్డున బతికేవాళ్లని పదేళ్లలో ఒక్కసారైనా కుర్చీ వేసి కూర్చోబెట్టని మా ఆఫీసరు, వాళ్ల మనసులు చదవడానికి ఒక నిపుణురాలిని పిలిపించాడు. కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట.

పటాలు గీసేది నేను. చెరువు పటం హాల్లో బల్లమీద పరిచాను. నిపుణురాలు వచ్చినవాళ్లకి తలా మూడు ఎర్ర స్టిక్కర్లు ఇచ్చి, "మీకు ప్రాణంతో సమానమైన చోట అంటించండి" అంది.

చాపలల్లే ఆడవాళ్లతో మా మేనత్త కూడా వచ్చింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

"అంటిస్తే ఏమవుతుందమ్మా?"

"ఆ చోటు కాపాడతాం. కంచె వేస్తాం. లోపలికి ఎవరూ వెళ్లరు."

"మేం కూడానా?"

"రూలంటే అందరికీ ఒకటేగా," అన్నాడు ఆఫీసరు.

అత్త వెనక్కి తిరిగి మిగతావాళ్ల మొహాలు చూసింది. వాళ్లు తుంగ కోసుకునేది ఉత్తరపు మూలన. అక్కడ కంచె పడితే చాప లేదు, పొయ్యిమీద కుండ లేదు. ఆడవాళ్లంతా వరసగా వచ్చి, ఊరి మురుగు చెరువులో కలిసే చోట స్టిక్కర్లన్నీ అంటించేశారు. నిపుణురాలికి కళ్లు చెమర్చాయి. "ఇక్కడేదో లోతైన బంధం ఉంది" అని రాసుకుంది. లోతున్న మాట నిజమే, ముక్కు మూసుకోకుండా కొలవడం కష్టం. అప్పటికి నాకు నవ్వే వచ్చింది.

నెల తిరిగేసరికి నివేదిక తయారు. మురుగుకి కంచె, ఒక బోర్డు. ఒక్క స్టిక్కరూ పడని ఉత్తరపు మూల పడవ షికారు కంపెనీకి. సంతకం పెట్టేముందు ఆఫీసరు నన్ను పిలిచాడు.

"మీవాళ్లు అక్కడివాళ్లేగా. ఈ మూల ఎవరికీ అక్కర్లేదంటావా?"

నా ప్రమోషన్ కాగితం అదే బల్లమీద ఉంది.

"పటంలో ఉన్నదే సార్," అన్నాను.

తుంగంతా పీకించేసిన మర్నాడు అత్త వచ్చి నా బల్లకి ఎదురుగా నిలబడింది.

"మేమంటే కంచెకి భయపడి అబద్ధమాడాం. నిన్నెవరైనా అడిగారట్రా?"

ఆఫీసర్నీ ఆ నిపుణురాలినీ తిట్టమంటే నా దగ్గర బోలెడు మాటలున్నాయి. దీనికి మాత్రం బల్లమీది పటం చుట్టడం మొదలుపెట్టాను.

"అడిగారన్నమాట," అంది అత్త.