కాయ కాసిన మొక్క

మూలికలాయన వచ్చేసరికి నీడవల కింద మొక్కలన్నీ పూతకొచ్చి ఉన్నాయి. పన్నెండు వందల కుండీలు. అన్నీ ఒకే ఎత్తు, అన్నిటికీ సన్నటి పసుపు పూలు. మూడేళ్ళ కిందట కొండమీంచి ఆయన పెరికి తెచ్చిన ఒకే ఒక్క జ్వరంవేరు మొక్క ఇన్నయింది. కొండమీద ఇప్పుడది లేదు. ఎంత గాలించినా ఇంకొకటి దొరకలేదు.

ఇన్ని చేసింది ఆయన అన్న కూతురు. వరసకి కూతురే గానీ వయసులో పదేళ్ళే చిన్న. ల్యాబులో గాజు తలుపు వెనక కూర్చుని కణుపు కణుపునా కోసి సీసాల్లో పెట్టేది. చిగురు వేస్తే దాన్ని మళ్ళీ నాలుగు చేసేది. మొదటి ఏడాది సగం సీసాలు బూజు పట్టాయి. ఆ రోజుల్లో ఆయనకు ముద్ద దిగలేదు.

వానలు పడగానే కొండకి మోసుకుపోదామని ఆమె మాటిచ్చింది. అక్కడ నాటితే కాయలు కాసి, గింజ రాలి, వాటి బతుకు అవి బతుకుతాయి. చచ్చేలోగా ఆయనకు కావలసింది అదొక్కటే.

"కూర్చో బాబాయ్."

"కూర్చోడానికి రాలేదు. ఇవాళ ఎన్నిస్తావు?"

"ముందు ఇది చెప్పు. నువ్వు పెరికినప్పుడు దీనికి కాయ ఉందా?"

"భలేదానివే. కాయుంటే ఎప్పుడో తవ్వేసుండేవాణ్ణి కదా."

ఆమె ఒక పువ్వు తెంపి ఆయన అరచేతిలో పెట్టింది. పుప్పొడి రాలింది. అడుగున పిందె లేదు.

"బొప్పాయిలాంటిదే బాబాయ్. మగది వేరు, ఆడది వేరు. నువ్విచ్చింది మగది. దాన్నే కోసి చేసినవి కాబట్టి పన్నెండు వందలూ మగవే. పూసేదాకా నాకూ తెలీలేదు."

"అంతేనా. ఆడదాన్ని పట్టుకొస్తాను," అని లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

నలభై ఏళ్ళు ఆయన తవ్వకం ఒకటే తీరు. కాయ లేనిది ఇంకా పసిదని, దాని వేరులో పస ఉండదని తండ్రి నేర్పాడు. కాయ కాసినదాన్నే తవ్వాడు. కాయ లేనిదాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచాడు, అదేదో పుణ్యమన్నట్టు. తవ్విన వేళ్ళను కాయలతోనే కట్ట కట్టి అమ్మాడు, కాయ కనిపిస్తే తప్ప అసలుదని వైద్యులు నమ్మరు గనక. గింజ కూడా నేలకి దక్కలేదు. వదిలేసిన మగవి ఒక్కొక్కటే ముదిరి ఎండిపోయాయి. ఎవరో దోచుకుపోయారని ఇన్నాళ్ళూ ఊరంతా తిట్టుకుంటూ తిరిగాడు.

కుళాయి దగ్గర సీసాలు కడిగే ఆవిడ అంతా వింది.

"ఇంతమంది పెళ్ళికొడుకులు ముస్తాబై కూర్చున్నారు. పెళ్ళికూతుళ్ళని మాత్రం మామయ్యగారు ముందే మింగేశారు."

ఆవిడ మళ్ళీ సీసాలకేసి తిరిగింది.

"మా అటకమీద పాత కట్టొకటుంది," అన్నాడు మూలికలాయన. "కాయలతోనే ఉంది. తొమ్మిదేళ్ళయింది."

"ఎండబెట్టావా?"

"పొగబెట్టాను. పురుగు పట్టకుండా."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తీసుకురా, చూద్దాం."

ఆ పూటే బస్సెక్కి తెచ్చాడు. నూటపది గింజలు తడి కాగితంమీద పరిచింది. రోజూ వచ్చి చూశాడు. ఎనిమిదో రోజుకి మెత్తబడ్డాయి. పదిహేనో రోజుకి కంపు కొట్టాయి. కాగితంతో సహా ఆమే పారేసింది.

"పోనీ, మగవాటినే నాటేద్దామా?"

"నాటొచ్చు. ఉన్నన్నాళ్ళు ఉంటాయి. వాటినుంచి కొత్తవి పుట్టవు బాబాయ్. ఎవరో ఒకరు కోసి పెడుతూ ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"మరి ఎవరు కోస్తారు?"

"నేనున్నాగా," అంది.

వచ్చే ఏడాది ఆమెకు రిటైర్మెంటు. ఆ కుర్చీలోకి మనిషిని తీసుకోబోవడం లేదని ఆమే ఆయనకు చెప్పి నెల కాలేదు.