పై అంతస్తులో వెనక వరస

మేజోడు కుట్టు అంచు వేలికి తగిలిందంటే కూతురు జోడీ ఆ రోజంతా కాలు కింద పెట్టదు. అందుకని లొరెయిన్ వాటిని తిరగేసి, గోడవారగా ఉన్న వేడి గొట్టాల మీద వెచ్చబెట్టి, ఇరవయ్యేళ్ళ ఆ పిల్ల పాదాలకు తానే తొడుగుతుంది. అప్పటికే రొట్టె అంచులు కోసి జున్ను పెట్టి పొట్లం కట్టడం, మాత్రలు నూరి పెరుగులో కలపడం అయిపోయి ఉంటాయి. భర్త కీత్ టీ తాగుతూ రోజూ అనే మాటే అంటాడు.

"నీకేంటి లొరెయిన్! పిల్ల బస్సెక్కిందంటే సాయంత్రం దాకా రాణీగారివి."

వెటకారంగా అనడు. నిజంగానే అలా అనుకుంటాడు. అందుకే అది ఇంకాస్త లోతుగా గుచ్చుకుంటుంది. మూట బరువు మోసేవాడికే తెలుస్తుంది. పక్కన నడిచేవాడికి అది ఒట్టి గోనెసంచి.

జోడీ వీధి తలుపు తీసుకుని ఎదురుగా ఉన్న స్టాపు దగ్గర నిలబడుతుంది. కీత్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, కూతుర్ని చూసి మురుస్తూ ఉంటాడు. సరిగ్గా ఆ సమయానికి లొరెయిన్ తమ జున్ను కొట్టు తెరవడానికని చెప్పి పెరటి గుమ్మంలోంచి బయటపడుతుంది. బొగ్గుల గదిలో దాచిన బూడిదరంగు వానకోటు తొడిగి, తలమీదికి టోపీ లాక్కుని, ఇళ్ళ వెనక సందులోంచి పరిగెడుతుంది. వెనక స్టాపులో, అంటే జోడీకంటే ముందే, అదే బస్సెక్కుతుంది. పై అంతస్తుకు పోయి వెనక వరసలో మూలన కూర్చుంటుంది. మరుసటి స్టాపులో జోడీ మెట్లెక్కి వచ్చి, తనకిష్టమైన ముందు సీట్లో, పెద్ద అద్దం ఎదుట కూర్చుంటుంది. వెనక్కి తిరిగి చూడదు. ఎప్పుడూ చూడలేదు.

కాలేజీ స్టాపు రాగానే గంట మీట నొక్కాలి. కొన్ని రోజులు జోడీ నొక్కుతుంది. కొన్ని రోజులు అద్దం మీద జారే నీటిచుక్కను చూస్తూ మర్చిపోతుంది. అప్పుడు వెనకనుంచి లొరెయిన్ నొక్కుతుంది. గంట మోగితే జోడీ లేచి దిగుతుంది. ఎవరు మోగించారని అడగదు.

ఇదెలా మొదలైందంటే, కాలేజీవాళ్ళు జోడీకి బస్సు ప్రయాణం నేర్పించారు. దానికో పద్ధతుంది. నేర్పే మనిషి కొన్నాళ్ళు పక్కన కూర్చుంటాడు, తర్వాత ఒక వరస వెనక, తర్వాత బస్సు వెనక కారులో, ఆ తర్వాత రాడు. "స్వతంత్రంగా ప్రయాణిస్తోంది" అని రాసి వెళ్ళిపోతాడు. ఆయన మానేసిన మరుసటి వారమే సముద్రం పోటెత్తి తీరం రోడ్డు మూసేశారు. బస్సు వేరే దారిన పోయింది. జోడీ దిగలేదు. సంచికున్న నంబరు చూసి డ్రైవరు ఫోన్ చేస్తే, లొరెయిన్ వెళ్ళేసరికి బస్సుల షెడ్డులో ఇటుక గోడకు నుదురు ఆనించి సన్నగా మూలుగుతోంది పిల్ల.

లొరెయిన్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పటికే కీత్ పబ్బులో అందరికీ బీరు పోయించి మరీ, కూతురు ఒంటరిగా బస్సులో వెళ్తోందని చెప్పుకున్నాడు. అత్తగారు ఎడ్నా, "చూశావా అమ్మాయ్, నువ్వు చంక దింపితే గానీ అది నడవలేదు!" అని ఎత్తిపొడిచింది. అంత సంతోషాన్ని వెనక్కి తీసుకోవడం లొరెయిన్‌కు చేతకాలేదు. మర్నాడు వానకోటు బయటికి తీసింది.

దాంతో కొట్టు రోజూ ఆలస్యం. సంత భవనంలో ఉన్న ఆ జున్ను కొట్టు ఎడ్నా చేతుల మీదుగా వచ్చింది. "పొద్దెక్కాక తలుపు తీసేదానికి జున్ను కాదు తల్లీ, బూజు అమ్ముకోవడమే గతి," అనేది ఆవిడ, వచ్చినవాళ్ళందరూ వినేలా. లొరెయిన్ నవ్వి ఊరుకునేది. జవాబు చెప్పాలంటే బస్సు సంగతి చెప్పాలి.

చలికాలం పొద్దుల్లో అఖాతం మీంచి మంచు లేచి బస్సును మింగేసేది. పై అంతస్తు కిటికీలన్నీ తెల్లగా మూసుకుపోయేవి. వెనక వరసలో తడి కోట్ల వాసన, ఎవరిదో దగ్గు, ఎవరివో ఊపిర్లు. లొరెయిన్ ఎవరి మొహమూ చూడలేదు, తన మొహం ఎవరికీ చూపించలేదు. దూరంగా జోడీ మెడమీది జుట్టు ముడి ఒక్కటే లోకం. ఒకసారి మంచు పట్టిన కిటికీని తుడిచి చూస్తే, అద్దంలో టోపీ ఉంది, టోపీలో నీడ ఉంది, మనిషి లేదు. చేత్తో చెంప తడుముకుంది. చెంప ఉంది.

మొన్న గురువారం ఆమెకు జ్వరం వచ్చింది. లేవబోతే కాళ్ళు తేలిపోయాయి. కీత్ మేజోళ్ళు తిరగేసి తొడిగి, అరిచి ఏడిపించి, మళ్ళీ తొడిగి పిల్లను పంపాడు. లొరెయిన్ దుప్పటికింద పడుకుని ఫోను మోగుతుందని ఎదురుచూసింది. మోగలేదు. సాయంత్రం జోడీ మామూలుగా ఇంటికొచ్చి, వంట క్లాసులో తాను చేసిన యాపిల్ కూరిన తీపి రొట్టె ముక్క బల్లమీద పెట్టింది.

మర్నాడు బస్సెక్కుతూ లొరెయిన్ ఊరికే అంది డ్రైవరుతో, "నిన్న రాలేకపోయాను బాబూ, జ్వరం."

"అదేంటమ్మా, వచ్చావుగా!" అన్నాడతను పగ్గాలు లేని నవ్వుతో. "ఈ బుల్లి తెరలో పైన జరిగేదంతా కనిపిస్తుంది నాకు. వెనక సీట్లో టోపీ పెట్టుకుని కూర్చున్నావు. కాలేజీ దగ్గర గంట కొట్టావు."

లొరెయిన్ వీపు మీద చల్లటి వేలితో ఎవరో గీసినట్టయింది. సంతకు అలవాటుపడ్డ గాడిద యజమాని లేకపోయినా మూట వేసుకుని పోయి వస్తుందంటారు. తన ఒళ్ళు మంచం మీద మూలుగుతుంటే, తన చాకిరీ కోటు తొడుక్కుని తనంతట తాను బస్సెక్కిందా? ఆ రోజు ఆమె మూలన కూర్చుని, పక్కకు చూడటానికి భయపడింది.

మరుసటి బుధవారం కాలేజీలో జోడీ మీద ఏడాది సమీక్ష. సాయానికి డబ్బిచ్చే కౌన్సిల్ నుంచి అలిస్టర్ అనే కుర్రాడు వచ్చాడు, మెత్తటి మనిషి. జోడీ టీచరు గ్వెన్ బిస్కెట్లు పెట్టింది. జోడీ కాగితం కప్పును బల్లమీద గుండ్రంగా తిప్పుతోంది.

చట్టం మార్చినప్పుడు ఇలాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా చదువు, సాయం ఉంటాయన్నారు. తల్లులు పండగ చేసుకున్నారు. లొరెయిన్ మాత్రం వ్యాపారి కనుక చివరి వాక్యం కూడా చదివింది: లక్ష్యాలు చేరితే సాయం ముగుస్తుంది. తల్లిగా ఆమెకు తెలిసిన సంతల్లో సరుకు బాగుందని చెబితే ధర పడిపోయే సంత ఇదొక్కటే. సాయం ఆగితే క్లాసులో జోడీ పక్కన ఉండే మనిషి ఉండదు, ఆ మనిషి లేకపోతే వంట క్లాసులో సీటు ఉండదు. జోడీ ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుంటుంది. కొట్టు మూతపడుతుంది.

"చాలా సంతోషమైన విషయం," అన్నాడు అలిస్టర్. "జోడీ తన లక్ష్యాలు చేరుకుంది. ఒంటరిగా ప్రయాణం కూడా చేస్తోంది. కాబట్టి ఈ వేసవితో ముగించవచ్చని మా అభిప్రాయం."

"మరేమనుకున్నారు!" కీత్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మొన్న గురువారం మా ఆవిడ జ్వరంతో లేవలేదు. మా బంగారం ఒక్కతే వెళ్ళి ఒక్కతే వచ్చింది."

లొరెయిన్ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఒంటరిగా కాదు. నేను వెళ్తున్నాను. రోజూ. వెనక కూర్చుంటాను. అది మర్చిపోతే నేను గంట కొడతాను."

కీత్ కుర్చీని ఆమెవైపు తిప్పాడు. గ్వెన్ చేతిలో బిస్కెట్టు ఆగిపోయింది.

అలిస్టర్ నెమ్మదిగా అన్నాడు, "మీ ఆదుర్దా నాకు అర్థమవుతుంది మిసెస్ హార్డేకర్. కానీ గురువారం మీరు లేరు కదా. అయినా తను వచ్చింది. అంటే మీరు వెళ్ళడం... ఎలా చెప్పాలి... అవసరం లేదేమో."

ఆమె తూకంలో వేసిన రాయిని ఆమె నెత్తినే పెట్టాడు, ఎంతో మర్యాదగా.

"ఒక్కదాన్నే కాదు," అంది జోడీ.

కప్పు ఆగింది. జోడీ ఎవరివైపూ చూడటం లేదు.

"పచ్చ కోటు కొట్టింది. గంట."

"పచ్చ కోటా? నీ స్నేహితురాలా జోడీ?" అన్నాడు అలిస్టర్ ముద్దుగా.

"వెనక. అమ్మ మూల. పచ్చ కోటు కిటికీ. దగ్గు ఆవిడ మధ్యలో."

"అమ్మ కొట్లో ఉంటుందిరా బంగారం," అన్నాడు కీత్, ఇంకా నమ్మలేక.

"అమ్మ మూల," అంది జోడీ గట్టిగా. మళ్ళీ కప్పు తిప్పడం మొదలుపెట్టింది.

లొరెయిన్‌కు అప్పుడు వెలిగింది. చీకటి పొద్దుల్లో ముందు సీటు ఎదుటి పెద్ద అద్దం. అందులో బస్సు లోపలంతా కనిపిస్తుంది. వెనక్కి తిరగని పిల్ల ఇన్నాళ్ళూ వెనక వరసను చూస్తూనే ఉంది.

"ఊహాశక్తి కూడా బాగా పెరిగింది," అంది గ్వెన్ మెచ్చుకోలుగా. అలిస్టర్ ఆ మాట రాసుకున్నాడు. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో చెప్పమన్నాడు, ఆధారాలతో.

వ్యానులో కూర్చోగానే కీత్ అందుకున్నాడు. "నాకు తెలియకుండా ఇన్నాళ్ళు! అందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"దాచానన్నది నిజమే. నువ్వొక్కసారి పెరటి గుమ్మం వైపు చూసుంటే కనబడేదాన్ని కీత్."

"సర్లే, ఇప్పుడు కొంపలేం మునిగాయి? సాయం ఆగితే ఆగింది. కొట్టు అమ్మేసి ఇంట్లో ఉండు. ఎలాగూ అంతా నువ్వే చేస్తున్నావుగా."

ఎలాగూ చేస్తున్నావుగా. లొరెయిన్ ఆ మాటను నాలుక మీద వేసి చూసింది, కొత్త జున్ను రుచి చూసినట్టు. ఉత్తినే దొరికేదాన్ని ఎవరూ కొనరు. అలిస్టర్ మర్యాదగా అన్నదీ అదే, ఎడ్నా ఎగతాళిగా అన్నదీ అదే, ఈయన ప్రేమగా అంటున్నదీ అదే. తప్పు తూకం గురించి ఒక్కడు అరిస్తే వాడిది గొడవ. సంతంతా అరిస్తే తూకం మారుతుంది.

మర్నాడు మంచు ఎంత దట్టంగా ఉందంటే బస్సు దీపాలు వచ్చాయి గానీ బస్సు రానట్టుంది. లొరెయిన్ పై అంతస్తుకెక్కి మూలన కూర్చుని, జోడీ కూడా ఎక్కాక మొదటిసారి పక్కకు చూసింది.

కిటికీ పక్కన పచ్చ కోటు. మధ్యలో నల్ల కోటు, ఉండుండి దగ్గు. వాళ్ళకు సరిగ్గా ముందున్న వరసలో ఒకళ్ళు, కళ్ళదాకా కండువా. అందరి టోపీలూ ముందుకు లాగి ఉన్నాయి. ఎవరూ కదలడం లేదు. అందరి చూపూ బస్సు ముందుభాగానికి కట్టేసినట్టుంది. అక్కడ జోడీ ఉంది, ఆమెకు రెండు వరసల ఇవతల చెవులకు పెద్ద మూతలు పెట్టుకున్న ఒక కుర్రాడు, ఇంకాస్త ఇవతల ఊగుతూ కూర్చున్న ఒక పొడుగాటి పిల్ల. అందరూ ఒంటరిగానే ప్రయాణిస్తున్నారు.

లొరెయిన్ టోపీ వెనక్కి తోసింది. చల్లగాలి మెడకు తగిలింది.

"గురువారం మా అమ్మాయి కోసం గంట కొట్టింది మీరేనా?"

పచ్చ కోటు ఆవిడ చెవి మూతల కుర్రాడి మెడమీంచి చూపు తిప్పకుండానే, వాడిపోయిన గొంతుతో అంది, "నువ్వు కనబడలేదు. పిల్లేమో నీటిచుక్కలు చూస్తోంది. నేను కాలు విరిగి పడుకున్నప్పుడు మావాడికి నువ్వు కొట్టలా? అప్పుడా డ్రైవరు నాతోనూ అలాగే అన్నాడులే, నువ్వొచ్చావుగా, గంట కొట్టావుగా అని. భయమేసి చచ్చాను."

తాను ఎవరి కోసం కొట్టిందో లొరెయిన్‌కు తెలియదు. జోడీ కోసమే అనుకుంది.

"మీ సమీక్ష ఎప్పుడు?" అంది.

"వచ్చే మంగళవారం. లక్ష్యాలు చేరాడంటున్నారు."

"నేనొస్తాను. ఈ సీట్లో ఏం చూశానో చెబుతాను. మీరు నాకూ అలాగే రావాలి. అరువు బేరం కాదు, చేతికి చేయి."

పచ్చ కోటు మెల్లగా టోపీ తీసింది. నెరిసిన జుట్టు, నిద్రలేని కళ్ళు, లొరెయిన్ వయసే. దగ్గు ఆవిడ దగ్గడం ఆపింది. బస్సు తెల్లటి మంచులో ఎక్కడుందో తెలియకుండా పోతోంది.

వాళ్ళ ముందు వరసలో కండువా చుట్టుకున్న మనిషి, వెనక్కి తిరగకుండానే, "మాది శుక్రవారం," అంది.